తాత రివాల్వర్‌ల కొత్త తూటా పడ్తలేదు, పాత ఇత్తడి కేసులే మళ్ళ నింపుకోవచ్చా?

పరకాల_పొరడు
అందరికి నమస్తే. మా తాతది పాత రివాల్వర్ ఉన్నది, నడుమ విరిచి తెరిచేది. లైసెన్స్ తాత నుంచి బాపుకు, బాపు నుంచి నాకు వచ్చింది, యూఐఎన్ (లైసెన్స్‌కు ఇచ్చే నంబర్) గూడ పడ్డది, కాగితాల లొల్లి ఏం లేదు. లైసెన్స్ పుస్తకంల 32 బోరు (గొట్టం సైజు) అని రాసున్నది. సిటీల దుకాణంకు పోయి 32 తూటాలు తెచ్చిన, అడుగున కేఎఫ్ అని కిర్కీ సర్కారు ఫ్యాక్టరీ ముద్ర ఉంటదిగదా అవ్వి. ఇంటికొచ్చి పెట్టి చూస్తె సీసం గుండు వరకు లోపలికి పోతది, ఇత్తడి కేసు మూతి కాడికి రాంగనే ఆగుతది. దుకాణమాయన వాపస్ తీసుకోనంటున్నడు. బాపు దాసిన ఖాళీ కేసులు ఒక బిస్కెట్ డబ్బల ఉన్నయి, పచ్చగ చిలుము పట్టినయి, అవి మాత్రం మంచిగ కూసుంటున్నయి. యూట్యూబ్‌ల అమెరికోళ్ళు టేబుల్ మీద చిన్న ప్రెస్ బిగించుకొని నింపుకుంటున్నరు, మనకాడ ఆ ప్రెస్ దొరుకుతదా, ఎంత పడ్తది? ఇంకోటి, తుడువనీకి ఏ నూనె వాడాలె?

జమ్మికుంట_మేస్త్రి
నీ పేరు మీదికి వచ్చిందా తమ్మి, నీకు దండం. మా బాపు పోయినంక గన్ను స్టేషన్ల డిపాజిట్ చేసినం, అది ఆడనే తుప్పు వడ్తున్నది. వారసులందరి ఎన్‌ఓసీ, అంటె అభ్యంతరం లేదన్న కాగితం, కావాల్నట. అక్కలు ఇద్దరు పెట్టిన్రు, చిన్నాయిన మాత్రం బాయికాడి గట్టు పంచాది తెగేదాక సంతకం పెట్టడట. గట్టుకు గన్నుకు ఏం సంబంధమో ఆయనకే తెల్వాలె. నీకు ఎన్‌ఓసీ ఎవ్వలెవ్వలతోని తీసుకున్నవ్, నోటరీ అడిగిన్రా, స్టాంప్ పేపర్ ఎంతది, జర వివరంగ చెప్పు.

డల్లాస్_బావ
నేను టెక్సాస్‌ల ఉంట, గ్యారేజీల రీలోడింగ్ బెంచీ ఉన్నది, 32, 38, 45 అన్ని నేనే నింపుకుంట. ఇదేం రాకెట్ సైన్స్ కాదు. ప్రెస్, కేసును సాపుచేసే డైలు, తరాజు ఉంటె చాలు, పాత గన్నులకు నల్లమందు (పొగొచ్చే పాతకాలం తుపాకి మందు), లేకుంటె ప్రెషర్ తక్కువ లోడు. అసల్ ఇంత పాత దానికి లైసెన్స్ ఎందుకు తిప్పలు పడ్డరో నాకర్థం కాలె. ఇక్కడ 1898 దాక తయారైనవన్ని యాంటిక్, ఎవ్వడు అడుగడు. మీకాడ గూడ వందేండ్లు దాటితె యాంటికే గదా. కొత్త తూటాలే వాడాలంటె తూటా కూసునే చెంబర్ కొద్దిగ రీమింగ్ చేయించు, అంటె తొలిపించి వెడల్పు చేయించు, లేత్ మిషన్ ఉన్నోడు ఎవ్వడన్న చేస్తడు, అర్ధగంట పని.

పాత_ఆర్మరర్
అర్ధగంట పనేనా! అయ్యా బావగారు, మీ గ్యారేజీల మీ ఇష్టం, ఇక్కడి పిల్లగానికి గిసొంటి సలహాలు ఇయ్యకున్రి. సర్వీసంత గన్నుల మధ్యనే ఉన్నోన్ని, ఊరి లేత్ మిషన్ మీద సాపు చేయించిన సిలిండర్లు ఎట్ల పగుల్తయో చూసిన.

పరకాల తమ్మీ, నీది 32 స్మిత్ వెసన్ కాదు. నూటికి తొంభై పాళ్ళు .320, అది వేరే సైజు తూటా. తాతల కాలంల గుమస్తాలు పుస్తకంల 32 అని రాసి వదిలిపెట్టిన్రు, అది అట్లనే నీ దాక వచ్చింది. 32 స్మిత్ కేసు మూతి అంగుళంల .334 ఉంటది, .320 కేసు అడుగు సుత .322 దాటది. ఎట్ల పడ్తది మరి? గుండు పోతున్నదంటవా, పోతది, ఆ గుండు .312యే గదా. చెంబర్ తొలిపిస్తె కేసు పడ్తది, కాని .320కి కావల్సిన గుండు .317 కాడ ఉంటది, బ్యారెల్ దానికే కోసిండ్రు. సన్న గుండు అండ్ల ఊగులాడుకుంట పోతది, ఆ పైన సిలిండర్ గోడ సన్నమైతది. గోడ సన్నమైనంక నువ్వు పట్టుకునేది రివాల్వర్ కాదు.

ఒక పని చెయ్యి. బ్యారెల్ అడుగున, సిలిండర్ మీద ముద్రలు చూడు. కిరీటం కింద ఏ అక్షరాలున్నయి? ఎన్‌పీ ఉన్నదా?

మంథని_మనోహరం
మాది 32 లాంగే (32 స్మిత్‌ల పొడుగు రకం), అసలు తూటాలే పడ్తయి. కాని దొరకనప్పుడు మా బావమర్ది 7.65 పిస్టల్ గుళ్ళు పెట్టి చూసిండు, అవ్వి గూడ పడ్డయి. కాల్చలేదనుకోండ్రి. కాలిస్తె ఏమన్న అయితదా సార్?

పాత_ఆర్మరర్
పడ్డయని కాలుస్తరా? 32 లాంగ్ ప్రెషర్ పరిమితి 15,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 7.65 అంటె 32 ఏసీపీ, దానిది 20,500. కొత్త గట్టి ఫ్రేం ఓర్సుకుంటదేమో, విరిచి తెరిచే పాతదాన్ని మూసి పట్టే కొక్కెం ఓర్సుకోదు. మీ బావమర్దిని ఆ గుళ్ళు ఏ లైసెన్స్ మీద కొన్నడో గూడ అడుగుండ్రి.

మంథని_మనోహరం
ఆయన సంగతి ఇడిసిపెట్టుండ్రి సార్.

హన్మకొండ_వకీలు
వందేండ్ల ముచ్చట తీసిన బావగారికి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 45 సీ సదువుండ్రి. పాత మోడలైనా, పురాతన విలువున్నా, చెడిపోయినా సరే, మరమ్మతు చేసినా చేయకున్నా కాల్పులకు పనికిరానిదానికే మినహాయింపు. మరమ్మతు చేస్తె పేలేదైతె అది రెండు వందల ఏండ్లదైనా ఆయుధమే. ఈ ఒక్క ముక్క సదువక మస్తుమంది అటక మీద గన్ను పెట్టుకొని యాంటిక్ యాంటిక్ అనుకుంట తిరుగుతున్నరు.

నింపుడు గురించి. అదే చట్టంల అమ్యునిషన్ అనే మాట కిందికి తూటా విడిభాగాలు, తూటా తయారుచేసే యంత్రాలు గూడ వస్తయి. నువ్వు అడిగిన టేబుల్ మీది ప్రెస్ గూడ దాంట్లకే వస్తదని నేనంట. తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ ఉండాలె, నీ దగ్గరున్నది దగ్గర పెట్టుకునే లైసెన్స్ మాత్రమే. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తయారీకి కనీసం ఏడేండ్ల జైలు, పైకి యావజ్జీవం. నల్లమందు మీద 1884 పేలుడు పదార్థాల చట్టం ఇంకోటి. ప్రెస్ ధర అడుగకు తమ్మీ, నా ఫీజు ఎక్కువైతది.

డల్లాస్_బావ
ఓహో వకీలు సాబ్. 1972ల పురాతన వస్తువుల చట్టం ఒకటున్నది, వందేండ్లు దాటితె యాంటిక్విటీ అని రాసున్నది. అది మీరు సదువలేదా? నేను ఇండియాల గూడ చట్టాలు చూసి మాట్లాడ్తున్న.

హన్మకొండ_వకీలు
సదివిన. అది విగ్రహాలు, శిల్పాలు, పాత వస్తువులు దేశం దాటకుండ ఆపేటందుకు తెచ్చిన చట్టం. అండ్ల యాంటిక్విటీ అయితె ఇండ్ల ఆయుధం కాకుండ పోదు, రెండు చట్టాలు రెండు దిక్కుల పనిజేస్తయి. మీ లెక్కన పోతె ఆ పిల్లగాడు రివాల్వర్‌ను మీ డల్లాస్‌కు పంపుడు గూడ నేరమైతది.

డల్లాస్_బావ
నేను పంపుమన్ననా? మాట తిప్పుతున్నరు. ఇరవయ్యేండ్ల సంది నింపుతున్న, నా గన్ను ఒక్కటి పగల్లె.

షూటింగ్_అక్క
పగలకపోవుడు గొప్ప కాదన్నా, పగిలేది ఒక్కసారే. నేను 25 మీటర్ల పిస్టల్ కొడత, ప్రాక్టీస్‌కు గచ్చిబౌలి రేంజ్‌కు పోత. సెంటర్ ఫైర్ ఈవెంట్ల ఎక్కువ 32 లాంగ్ వాడ్‌కట్టర్లే (ముక్కు సాపుగ ఉండే తూటాలు) నడుస్తయి, మంచి కంపెనీ తూటాలే. అయినా ఒకసారి పక్క లేన్ల పిల్లకు గుండు బయటికి రాలె. పేలినట్టు గూడ వినరాలె, ఊరికె టుప్ అన్నది. ఆ పిల్ల ఇంకోటి నొక్కబోతున్నది, కోచ్ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నడు. రాడ్ పెట్టి చూస్తె గుండు బ్యారెల్ నడుమ ఇరుక్కొని ఉన్నది. ఇంకోటి కొడ్తె మొదటిదాని ఎనుక గుద్దుతది, బ్యారెల్ ఉబ్బుతది, లేకుంటె చీరుకుంటది. ఫ్యాక్టరీ తూటాతోనే గిట్లయింది. ఇంట్ల నింపితె మందు తక్కువ పడ్డా గిదే, రెండుసార్లు పడితె ఇంకా ఘోరం. చిన్న కేసుల రెండో విడత మందు పడ్డది పైకి కానరాదు.

నూనె అడిగినవ్ గదా తమ్ముడు, ఎవ్వరు చెప్పలె. పల్చటి గన్ ఆయిల్, అది దొరకకుంటె కుట్టుమిషన్ నూనె. బట్టకు అంటీ అంటనట్టు పూసి తుడువాలె. కొబ్బరినూనె వద్దు, చలికాలంల గడ్డకట్టి బ్యారెల్ లోపలి గీతలల్ల కూసుంటది.

భూపాలపల్లి_రైతు
అన్నలూ అక్కలూ, మీకు తూటాల బాధ, మాకు పందుల బాధ. మక్క చేను కంకి పాలుపోసుకోంగనే రాత్రికి రాత్రి దున్ని పోతున్నయి. లైసెన్స్‌కు పెడ్తె ప్రాణహాని ఉన్నదా అని అడుగుతున్నరు. పంటహాని ఉన్నది సారూ అంటె నవ్విన్రు. గా రివాల్వర్ అమ్ముతవా తమ్మీ?

జమ్మికుంట_మేస్త్రి
రివాల్వర్‌తోని పందిని కొడ్తవా? దానికి తాకితె అది నిన్ను తరుముతది. మా దిక్కు ఒకాయన కంచెకు కరెంట్ పెట్టిండు, పంది పడలేదు, ఆయన ఎడ్లే పడ్డయి.

భూపాలపల్లి_రైతు
కరెంట్ పెట్టుడు నేనన్ననా? మాకు తెల్వదా ఏంది. రెండెకరాల మక్క పోయినోడికి తెలుస్తది. మీరు గన్నుల ముద్రలు చూసుకుంట కూసోండ్రి.

పరకాల_పొరడు
ఆర్మరర్ సార్, టార్చ్ కొట్టి చూసిన. కిరీటం కింద బీవీ, ఇంకోటి బీపీ. ఎన్‌పీ ఎక్కడ లేదు. కొక్కెం పట్టి ఊపితె సన్నగ కదుల్తున్నది, నోట్ కాగితం దూరేంత సందు ఉన్నది.

పాత_ఆర్మరర్
అయితె బర్మింగ్‌హామ్‌ది, 1904 తర్వాత కొట్టిన ముద్రలు. బీపీ అంటె నల్లమందుతోని పరీక్ష చేసిండ్రని. ఇప్పటి పొగలేని మందుకు చేస్తె ఎన్‌పీ కొడ్తరు, నీదానికి కొట్టలే. యూట్యూబోళ్ళ తీరు ఇప్పటి మందు పోసినవనుకో, ముద్ర ఒకటి చెప్తది, నువ్వు ఒకటి చేస్తవు. పైగ కొక్కెం కదుల్తున్నదంటున్నవ్, అది ఏ మందుకూ పనికిరాదు.

ఆ డబ్బల కేసుల గురించి సుత చెప్త. ఒకదాంట్ల టార్చ్ కొట్టి అడుగు చూడు. నడిమిట్ల ఒక్క తొర్ర ఉంటె బాక్సర్, పక్కపక్కన రెండు సన్నయి ఉంటె బెర్డన్. పాత ఇంగ్లీషు కేసులు ఎక్కువ బెర్డనే, డల్లాస్ బావ ప్రెస్సుకున్న సూది వాటి అడుగున ఉండే పేలుడు టోపీ ఊడబీకలేదు. పైగ ఆ కాలం టోపీలల్ల పాదరసం ఉండేది, అది ఇత్తడిని తినేసి పెళుసు చేస్తది. చేతిల పట్టి చూస్తె మంచిగనే కానొస్తయి, లోపల పెంకు లెక్క అయి ఉంటయి.

డల్లాస్_బావ
బెర్డన్ సంగతి నాకు తెల్సు, చెప్పే అవకాశం మీరు ఇయ్యలే. దానికి వేరే పనిముట్టు ఉంటది.

పాత_ఆర్మరర్
ఉంటది. మీకాడ. కొక్కెం ఫోటో పెట్టు తమ్మీ, పక్క నుంచి, వెలుతుర్ల.

పరకాల_పొరడు
పెడ్త సార్. రెండు కేసులు చూసిన, రెండింట్ల రెండు తొర్రలే ఉన్నయి. ఇగ నింపుడు ముచ్చట బంద్. వకీలు సార్, పుస్తకంల 32 అని ఉండి గన్ను .320 అయితె నాకేమన్న ఇబ్బందా? మా పరకాల వరంగల్ కమిషనరేట్ కిందికే వస్తది.

హన్మకొండ_వకీలు
ఇబ్బంది రాకముందే సవరణకు దరఖాస్తు పెట్టు, ముద్రల ఫోటోలు జోడించి. ఎలక్షన్ టైంల డిపాజిట్ చేసినప్పుడు రసీదుల బోరు రాసే గడి ఉంటది, ఆ పాత రసీదులు గూడ తియ్యి, ఎవ్వలన్న .320 అని రాసి ఉంటె అదే పెద్ద ఆధారం. పడని తూటాలు ఇంట్ల పెట్టుకోకు, దుకాణమాయనతోని రాతపూర్వకంగ మాట్లాడు.

జమ్మికుంట_మేస్త్రి
ఎన్‌ఓసీ సంగతి ఎవ్వలు చెప్పకపోతిరి.

భూపాలపల్లి_రైతు
తమ్మీ నేనడిగింది గూడ చెప్పలే. అమ్ముతవా అమ్మవా?

పరకాల_పొరడు
తాతదన్నా, అమ్మ. అయినా దానికి గుళ్ళే లేవు, తీసుకపోయి నువ్వేం చేస్తవ్.

హన్మకొండ_వకీలు
అమ్మాలన్నా చేతికిచ్చి చెయ్యి దులుపుకునుడు కాదు. కొనేటోనికి లైసెన్స్ ఉండాలె, అమ్మేటోడు ముందుగాల అధికారులకు రాసియ్యాలె, రాసిచ్చినంక 45 రోజులు ఆగాలె.

భూపాలపల్లి_రైతు
45 రోజులకు ఆడ చేనే ఉండదు. సరే పోండ్రి, డప్పు కొట్టుకుంట కావలి కాస్త.