కార్ల్‌ష్టెయిన్ కోటకి మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న:
మేం ప్రాగ్‌లో ఉంటాం. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసే చోటు చెప్పమంటే అందరూ కార్ల్‌ష్టెయినే అంటున్నారు. అమ్మ అంత ఎత్తు ఎక్కగలదా? ఇంతకీ అది పల్లెటూరా, టౌనా?

జవాబు 1:
రెండూ కాదండీ. చెక్ దేశంలో ఆ రెంటికీ మధ్య ఇంకో హోదా ఉంది. పూర్వం సంత జరుపుకునే హక్కు పొందిన ఊళ్లకి ఇచ్చేవారు. కమ్యూనిస్టుల కాలంలో తీసేస్తే 2006లో మళ్లీ వచ్చింది.

ప్రాగ్ మెయిన్ స్టేషన్ నుంచి బెరౌన్ వైపు లోకల్ ట్రైన్‌లో సుమారు 40 నిమిషాలు. స్టేషన్ నుంచి బెరౌంకా నది దాటి కోటకి 2 కిలోమీటర్లు నడక, చివర్లో ఎత్తు. అమ్మగారిని తొందరపెట్టకండి, దారి పొడవునా కొట్లే.

జవాబు 2:
అసలు సంగతి టికెట్‌ది. అక్కడికెళ్లి కొనొచ్చులే అనుకుని ఓసారి వెళ్లాను. గదులు చూసి వచ్చేశాను, కోటలోనే ఉన్న ప్రార్థనా మందిరం, హోలీ క్రాస్ చాపెల్‌కి మాత్రం ముందే బుక్ చేసుకోక వెళ్లలేకపోయాను. దానికి చిన్న చిన్న గుంపుల్నే పంపుతారు, అదీ సీజన్‌లోనే. రెండోసారి చూశాను. గోడలకి పొదిగిన రంగురాళ్లు, పైకప్పు నిండా గాజు నక్షత్రాలు, ఆ కాలపు చిత్రకారుడు థియోడొరిక్ వేసిన 129 చిత్రాలు. చెక్ రాజు, తర్వాత పవిత్ర రోమన్ చక్రవర్తి అయిన నాలుగో చార్లెస్ 1348లో కోట మొదలుపెట్టింది కూడా ఆ సామ్రాజ్య కిరీటాన్ని, పవిత్ర వస్తువుల్ని దాచడానికే. 1422లో హుస్సైట్లు (మత సంస్కర్త యాన్ హుస్ అనుచరులు) నెలల తరబడి ముట్టడించినా లొంగలేదు. అయితే ఇప్పుడు కనిపించే కోట చాలావరకు 19వ శతాబ్దం చివర్లో బాగుచేసిన రూపం.

నాకు బాగా నచ్చింది మాత్రం బావి. సుమారు 80 మీటర్లు తవ్వినా ఊట పడలేదు! పక్క వాగు నుంచి నీళ్లు మళ్లించారు. మనుషులు లోపల నడుస్తూ తిప్పే పెద్ద చెక్క చక్రంతో తోడేవారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ! అమ్మ సగంలో ఆగిపోతే?

జవాబు 1:
కింద కాఫీ షాపులో కూర్చోబెట్టి నాన్నగారితో మీరు పైకెళ్లండి. కారుంటే తిరుగు దారిలో వెల్కా అమెరికా చూపించండి. పాత సున్నపురాయి క్వారీ, అడుగున నీలం నీళ్లు. పైనుంచే చూడాలి, ఈతకి అనుమతి లేదు.