చిన్న ఆఫీసు పెట్టుకుని సాఫ్ట్‌వేర్ చేసేవారికి నిజంగా పనికొచ్చే కొత్త టూల్స్ ఏవి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో మేం కొద్దిమందిమి కలిసి ఒక చిన్న ఆఫీసు నడుపుతున్నాం. లాడ్జీల గదుల బుకింగు, పాల సేకరణ కేంద్రాల లెక్కలు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తూకం చీటీలు, ఎక్కువగా ఇలాంటి పనులకే సాఫ్ట్‌వేర్ రాస్తాం. కోడ్ చాలావరకు పైథాన్‌లోను, కొంత జావాస్క్రిప్ట్‌లోను ఉంది. వాడేవారిలో చాలామందికి తెర మీదా రసీదు మీదా తెలుగే కనిపించాలి. పల్లెల్లోని పాల కేంద్రాల్లో నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఏ వారం చూసినా ఏదో ఒక కొత్త భాషో, ఫ్రేమ్‌వర్కో, డేటాబేసో వచ్చిందన్న వార్త కనిపిస్తుంది. అన్నింటి వెంటా పరుగెత్తే తీరిక మాకు లేదు. అలాగని పాత పద్ధతుల్లోనే ఉండిపోవడమూ నాకిష్టం లేదు, ఎందుకంటే మంచి టూల్ ఒకటి దొరికితే చిన్న జట్టుకు కలిగే మేలు పెద్ద కంపెనీకి కలిగే మేలు కంటే ఎక్కువని నా నమ్మకం. మన పనిలో ఇప్పటికే ఉన్న ఏ తలనొప్పిని అది తీసేస్తుందో చూసి టూల్‌ను ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. మీరు రోజూ వాడుతున్న వాటి గురించి, ఎందుకు వాడుతున్నారో కారణంతో సహా చెప్పగలరా?

జవాబు 1 (చిత్తూరు నుంచి)

మీ పనికి నేను మొదట చెప్పేది ఎస్‌క్యూలైట్, అంటే వేరే సర్వర్ లేకుండా డేటానంతా ఒకే ఫైల్‌లో దాచే డేటాబేస్. ఇది కొత్తది కాదు కదా అనవచ్చు. రిచర్డ్ హిప్ దీన్ని 2000లోనే విడుదల చేశారు. కానీ చాలామంది దీన్ని ఫోన్ యాప్‌లకు పనికొచ్చే చిన్న డేటాబేస్‌గా మాత్రమే చూస్తూ, తర్వాత వచ్చిన సౌకర్యాలను పట్టించుకోవడం లేదు. 2050 వరకు దీన్ని నిర్వహించాలన్నది దాని రూపకర్తల ఉద్దేశం. నేర్చుకున్నది త్వరలో మూలన పడుతుందేమోనన్న బెంగ ఇక్కడ అక్కరలేదు.

మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. తోతాపురి లోడుతో లారీలు బారులు తీరి ఉంటాయి, ఒక్కో లారీకి నిండు బరువు, ఖాళీ బరువు నమోదు చేసి, అసలు తూకం లెక్కగట్టి చీటీ ఇవ్వాలి. అదే సమయంలో లోపల ఆఫీసులో ఇంకొకరు రైతులవారీగా ఆ రోజు లెక్క తీస్తుంటారు. ఎస్‌క్యూలైట్ మామూలు పద్ధతిలో ఉంటే ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. 2010 నుంచి ఉన్న ‘వాల్’ (రైట్-అహెడ్ లాగింగ్) పద్ధతిని ఆన్ చేస్తే మార్పులు ముందుగా పక్కనున్న లాగ్ ఫైల్‌లోకి వెళతాయి కాబట్టి, చదివేవారు రాసేవారిని ఆపరు, రాసేవారు చదివేవారిని ఆపరు. రాసేది మాత్రం ఒక్కసారికి ఒక్కరే. కాటా దగ్గర అది ఏ మాత్రం ఇబ్బంది కాదు, ఎందుకంటే ఒక చీటీ రాయడానికి పట్టేది రెప్పపాటు కంటే తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వాల్ పద్ధతిలో వేగం కోసం ‘సింక్రనస్’ సెట్టింగును (రాసినది డిస్క్‌కు చేరేదాకా ఎంతవరకు ఆగాలో చెప్పేది) ‘నార్మల్’లో పెట్టమని చాలా చోట్ల సలహా కనిపిస్తుంది. అలా పెడితే కరెంటు పోయినప్పుడు డేటాబేస్ పాడవదు గానీ, చివరగా సేవ్ అయిన చీటీ మాయమయ్యే అవకాశం ఉంది. రైతు చేతిలో కాగితం ఉండి, కంప్యూటర్‌లో ఆ నమోదు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. తూకాలకూ డబ్బుకూ సంబంధించిన చోట దాన్ని ‘ఫుల్’లోనే ఉంచాలి.

రెండో సౌకర్యం 2021లో వచ్చిన ‘స్ట్రిక్ట్’ టేబుల్స్. మామూలు టేబుల్‌లో బరువు కాలమ్‌ను పూర్ణాంకమని ప్రకటించినా, అందులో ‘12 కిలోలు’ అని రాస్తే ఎస్‌క్యూలైట్ దాన్ని అక్షరాలుగానే దాచేసుకుంటుంది. నెలాఖరు మొత్తం తేడా వచ్చాక గానీ సంగతి బయటపడదు. స్ట్రిక్ట్ టేబుల్ అయితే అక్కడికక్కడే తప్పు చూపి ఆపేస్తుంది. ఉన్న టేబుల్‌ను నేరుగా స్ట్రిక్ట్‌గా మార్చలేరు. కొత్తది సృష్టించి, డేటాను అందులోకి తరలించాలి.

బ్యాకప్ కోసం డేటాబేస్ ఫైల్‌ను ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేయడం మాన్పించండి. అది వాడుకలో ఉండగా కాపీ చేస్తే తాజా నమోదులు ఇంకా లాగ్ ఫైల్‌లోనే ఉండిపోవచ్చు. 2019లో వచ్చిన ‘వాక్యూమ్ ఇంటూ’ అనే ఆదేశం, ప్రోగ్రామ్ నడుస్తుండగానే సరైన ప్రతిని వేరే ఫైల్‌గా తీసి ఇస్తుంది. దాన్ని రాత్రి ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకీ, నెట్ ఉన్నప్పుడు బయటి సర్వర్‌లోకీ పంపితే చాలు.

జవాబు 2 (రేణిగుంట నుంచి)

పైన చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, డెవలపర్ బల్ల మీద ఉండవలసిన వాటి గురించి రాస్తాను.

పైథాన్‌లో పనిచేసేవారు ‘యూవీ’ని తప్పకుండా చూడాలి. ఆస్ట్రల్ సంస్థ రస్ట్ భాషలో రాసి 2024 ఫిబ్రవరిలో విడుదల చేసింది. ప్యాకేజీలను (ఇతరులు రాసి పెట్టిన కోడ్‌ను) ఇన్‌స్టాల్ చేసే పిప్, ఒక్కో ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, పైథాన్ వెర్షన్ల నిర్వహణ, ఇలా విడివిడిగా చేసుకునే పనులన్నీ ఒకే ప్రోగ్రామ్‌తో అయిపోతాయి. వేగం గురించే అందరూ చెబుతారు, అది నిజమే. అయితే నాకు అంతకంటే విలువైనది దాని లాక్ ఫైల్. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ వాడామో కచ్చితంగా రాసి ఉంటుంది కాబట్టి, నా కంప్యూటర్‌లో నడిచిన ప్రోగ్రామ్ కస్టమర్ కంప్యూటర్‌లోనూ అలాగే నడుస్తుంది. ఒకసారి దింపుకున్న ప్యాకేజీలు క్యాష్‌లో (కంప్యూటర్‌లోనే దాచిన ప్రతులుగా) ఉంటాయి, నెట్ సరిగా లేని చోట మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి వచ్చినప్పుడు ఆ క్యాష్ ఆదుకుంటుంది.

పాత కోడ్‌లో వెతకడానికి రిప్‌గ్రెప్ వాడండి. గిట్‌కు (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే టూల్) పట్టించుకోవద్దని మనం చెప్పిన ఫైళ్లను అది తనంతట తానే వదిలేస్తుంది, తెలుగు పదాలనూ ఇబ్బంది లేకుండా వెతుకుతుంది.

గిట్‌లో ఇప్పటికే ఉన్న ‘బైసెక్ట్’ను వాడేవారు నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. పోయిన నెల సరిగా వచ్చిన పాల బిల్లు ఈ నెల తేడాగా వస్తోందనుకోండి. సరిగా ఉన్న కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు) ఒకటి, తప్పుగా ఉన్న కమిట్ ఒకటి చూపిస్తే, మధ్యలో వెయ్యి కమిట్లు ఉన్నా సుమారు 10 పరీక్షల్లో ఏ మార్పుతో తప్పు మొదలైందో తేలిపోతుంది. బిల్లును సరిచూసే చిన్న స్క్రిప్ట్ మీ దగ్గర ఉంటే ఆ పరీక్షలను కూడా గిట్ తానే నడుపుకుంటుంది. కొవ్వు శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు) వీటిని బట్టి ధర మారే లెక్కల్లో ఇది చేసే మేలు అంతా ఇంతా కాదు.

డేటాబేస్ మార్పులను చేత్తో చేయకుండా, వెర్షన్ సంఖ్యలతో స్క్రిప్టులుగా రాసి గిట్‌లో ఉంచండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు తిరుపతి కొత్త జిల్లా అయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరును ప్రతి చిరునామాలో అక్షరాలుగా రాసుకున్న ప్రోగ్రాములన్నింటికీ అది పెద్ద పని. మండలానికీ జిల్లాకూ ఉన్న సంబంధాన్ని ఒక్క టేబుల్‌లో, ఏ తేదీ నుంచి వర్తిస్తుందో రాసి పెట్టుకుంటే, ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఒక్క స్క్రిప్ట్‌తో అన్ని చోట్లా సరిచేయవచ్చు, పాత రసీదుల మీద పాత జిల్లా పేరూ చెక్కుచెదరదు.

ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవన్నీ కలిపి ఒక పెట్టెలా నడిపే డాకర్ మంచిదే. సర్వర్ మీద నడిచే భాగానికి వాడండి. కాటా దగ్గరి విండోస్ కంప్యూటర్‌కు దాని అవసరం లేదు.

జవాబు 3 (తిరుపతి నుంచి)

తెర మీదా రసీదు మీదా తెలుగు కావాలన్నారు కాబట్టి ఆ సంగతి నేను చెబుతాను. చాలా సాఫ్ట్‌వేర్లలో తెలుగు చూసి నాకు బాధ కలిగేది ఇక్కడే.

‘తిరుపతి’లో మన కంటికి కనిపించే అక్షరాలు 4. పైథాన్‌లో పొడవు అడిగితే 7 అంటుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులను యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) విడిగా లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) దాచితే 21 బైట్లు. ‘చిత్తూరు’ అయితే కంటికి 3, లెక్కలో 8. రసీదులో చోటు చాలదని ఆ పేరును 4 దగ్గర కత్తిరించే కోడ్ రాస్తే ‘చిత్’ అని అచ్చవుతుంది. తమ పేరు అలా సగంలో విరిగి కనిపించడం ఏ రైతుకూ మర్యాదగా తోచదు.

జావాస్క్రిప్ట్‌లో దీనికి ‘ఇంటల్.సెగ్మెంటర్’ (Intl.Segmenter) ఉంది, అది మాటను కంటికి కనిపించే అక్షరాలుగా విడదీస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌లోకి కూడా రావడంతో ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ దాన్ని వాడుకోవచ్చు, వేరే లైబ్రరీ అక్కరలేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒత్తును దాని ముందున్న హల్లుతో కలిపి ఒకే అక్షరంగా లెక్కించే నియమం తెలుగుకూ చేరింది. పాత వెర్షన్లలో ‘చిత్తూరు’ 4 ముక్కలుగా రావచ్చు, అందుకని పాత కంప్యూటర్ల మీద కూడా పరీక్షించండి.

పేర్లను వెతికే చోట ఇంకో చిక్కు ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు. చూడటానికి తేడా ఉండదు, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేర్వేరు పేర్లు. డేటాబేస్‌లో దాచే ముందే ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి వాటన్నింటికీ యూనికోడ్ నిర్ణయించిన ఒకే రూపం) రూపంలోకి మార్చుకుంటే ఈ సమస్య ఉండదు.

రసీదుల సంగతికొస్తే, చాలా థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు. రసీదును బొమ్మగా తయారుచేసి పంపాలి. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో ఆ బొమ్మ గీస్తే, దానికి తోడుగా అక్షరాలను సరిగా అమర్చే ‘రాక్మ్’ లైబ్రరీ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఒత్తులు అక్షరం కిందికి చేరకుండా పక్కపక్కన పడతాయి. రాక్మ్ లోపల పనిచేసేది హార్ఫ్‌బజ్ అనే అక్షరాల అమరిక ఇంజిన్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ తెలుగును సరిగా చూపడం వెనుక ఉన్నదీ అదే. నన్నడిగితే, ఈ కాలంలో తెలుగుకు ఇంత మేలు చేసిన సాఫ్ట్‌వేర్ మరొకటి లేదు.

జవాబు 4 (పలమనేరు, ప్రస్తుతం బెంగళూరులో)

కోడ్ రాయడంలో సాయపడే ఏఐ సహాయకుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 2021లో గిట్‌హబ్ కోపైలట్ పరిచయమైనప్పటి నుంచి ఈ రంగం చాలా వేగంగా మారింది. చిన్న జట్టుకు ఇవి నిజంగా చేయూతనిస్తాయి. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌ను వివరించడం, పరీక్షలు రాయడం, ఒక భాషలోని కోడ్‌ను ఇంకో భాషలోకి మార్చడానికి మొదటి ప్రతి తయారుచేయడం వంటి పనుల్లో నాకు బాగా ఉపయోగపడుతున్నాయి.

కానీ మూడో జవాబులో చెప్పిన విషయాన్నే తీసుకోండి. పేరును కుదించే కోడ్ రాసిమ్మని మామూలుగా అడిగితే, ఇంగ్లిష్‌కు సరిపోయేలా లెక్కపెట్టి కత్తిరించే కోడే తరచుగా వస్తుంది. తెలుగు అని గుర్తుచేసి, ‘చిత్తూరు’ వంటి ఉదాహరణలతో పరీక్షలు ముందుగా మనం రాసి ఇస్తే ఫలితం మెరుగవుతుంది. ఏది సరైనదో తెలిసినవారి చేతిలోనే ఈ టూల్ బలం కనిపిస్తుంది.

లేని ప్యాకేజీ పేరును ఉన్నట్టుగా చెప్పడం వీటికి ఉన్న మరో లోపం. అలాంటి పేర్లతో హానికరమైన ప్యాకేజీలు పెట్టేవారు ఉంటారు కాబట్టి, పేరు సరిచూసుకోకుండా ఇన్‌స్టాల్ చేయకండి. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న అసలు డేటాను వీటికి ఇవ్వనే వద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు అవి. పరీక్షలకు కల్పిత డేటా తయారుచేసుకోండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ముందుగా బ్యాకప్ పద్ధతి మారుస్తాం, తర్వాత రసీదుల్లోని తెలుగు సరిచేస్తాం, యూవీని కొత్తగా మొదలుపెట్టే పనిలో వాడి చూస్తాం. చిత్తూరు మిత్రులకు ఒక్క సందేహం. లాడ్జి రిసెప్షన్‌లో ఒకటి కంటే ఎక్కువ కంప్యూటర్లు ఉన్న చోట, ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి అన్నింటి నుంచీ తెరిస్తే సరిపోతుందా?

జవాబు 1 వ్యక్తి (చిత్తూరు నుంచి)

అలా చేయకండి. వాల్ పద్ధతిలో డేటాబేస్‌ను తెరిచిన ప్రోగ్రాములన్నీ ఒకే మెమరీని పంచుకోవాలి, అది నెట్‌వర్క్ ఫోల్డర్ మీద సాధ్యం కాదు. పాత పద్ధతికి వెళ్లినా, నెట్‌వర్క్ మీద ఫైల్ లాకింగ్‌ను (ఒకరు రాస్తుండగా ఇంకొకరిని ఆపే ఏర్పాటు) నమ్మలేం కాబట్టి డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంటుంది. ఒక కంప్యూటర్‌లో డేటాబేస్‌తో పాటు చిన్న సర్వర్ ప్రోగ్రామ్ పెట్టి, మిగతా కౌంటర్లన్నీ బ్రౌజర్ ద్వారా దానితోనే మాట్లాడేలా చేయండి. అప్పుడు ఫైల్‌ను తెరిచేది ఆ ఒక్క ప్రోగ్రామే అవుతుంది. ఒకే గదిని ఇద్దరికి ఇవ్వకుండా చూసే తనిఖీని కూడా అక్కడే, ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని పనుల గుంపు), రాసే హక్కును ముందే పట్టుకునే ‘బిగిన్ ఇమ్మీడియట్’తో మొదలుపెట్టి రాయండి. రేపు వేర్వేరు ఊళ్లలోని లాడ్జీలన్నీ ఒకే లెక్కలోకి రావాలంటే మాత్రం సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మారండి. ఎస్‌క్యూఎల్‌ను (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) శుభ్రంగా రాసుకుని ఉంటే ఆ మార్పు పెద్ద కష్టం కాదు.