జూమ్‌లో ఉన్నవాళ్లకు వాళ్ల గొంతే తిరిగి వినిపిస్తోంది

అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో సభ. మిక్సర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒకే యూఎస్‌బీ కేబుల్. హాల్లో అంతా బాగుంది. ఆన్‌లైన్ వక్తకు మాత్రం తన మాటే కాస్త ఆలస్యంగా తిరిగొస్తోంది. ఏం చేయాలండీ?

— మీరు జూమ్‌కి పంపుతున్నది మెయిన్ మిక్స్ (హాలు స్పీకర్లకు వెళ్లే మొత్తం శబ్దం), అందులో జూమ్ గొంతూ ఉంది. దాని బదులు ఆక్స్ 1 (ఏ ఛానెల్ ఎంత వెళ్లాలో విడిగా పెట్టుకోగల అదనపు అవుట్‌పుట్) నుంచి పంపండి. మైకుల ఛానెళ్లలో ఆక్స్ 1 నాబ్ పెంచి, జూమ్ ఛానెల్‌లో పూర్తిగా సున్నాకి తిప్పండి. చిన్న మిక్సర్లు చాలావాటిలో యూఎస్‌బీకి మెయిన్ మిక్సే వెళ్తుంది. అలాంటప్పుడు ఆక్స్ అవుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి చేర్చే చిన్న పెట్టె) లైన్ ఇన్‌పుట్‌కి ఇవ్వాలి. ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లో గుచ్చకండి, మిక్సర్ నుంచి వచ్చే బలమైన లైన్ లెవెల్ సిగ్నల్‌కి గొంతు పగిలిపోతుంది.

— ఆక్స్ ప్రీ ఫేడర్‌లో (ఛానెల్ సౌండ్ మీట అయిన ఫేడర్‌కి ముందే సిగ్నల్ తీసుకునేలా) ఉండాలి, లేకపోతే హాల్లో సౌండ్ కోసం ఫేడర్ తగ్గించగానే ఆన్‌లైన్‌లోనూ తగ్గుతుంది.

— ఇంకా కొంచెం వినిపిస్తే అది స్పీకర్ నుంచి మైకులోకి వచ్చేది. స్పీకర్లు మైకుల కంటే ముందుకు, శ్రోతల వైపు జరపండి, వాడని మైకు మ్యూట్ చేయండి. పదిమంది వాడే హాలు కదా, ఎవరైనా తిప్పేసినా మళ్లీ సరిచేసుకునేలా నాబ్ పక్కన టేపు ముక్క అంటించి గీత గీయండి.