థామస్ పెయిన్ మీద ఎందుకంత కోపం? తెలిసినవారు చెప్పండి

అమెరికా స్వాతంత్ర్యం కోరుతూ థామస్ పెయిన్ రాసిన, 1776 జనవరిలో వచ్చిన ‘కామన్ సెన్స్’ అనే చిన్న పుస్తకం ఈమధ్యే చదివాను. రాజు ఎందుకు అక్కర్లేదో మామూలు జనానికి అర్థమయ్యేలా పెయిన్ చెప్పిన తీరు నన్ను వదలట్లేదు. అదే మనిషి 1794లో మతాన్ని ప్రశ్నిస్తూ ‘ఏజ్ ఆఫ్ రీజన్’ అనే పుస్తకం తెస్తే అమెరికాలో చాలామంది నాస్తికుడని తిట్టారు. ఒకే దేవుణ్ణి నమ్ముతానని మొదట్లోనే రాశాడు కదా! ఆయన కాదన్నది బైబిల్ దైవవాక్కు అన్న మాటని. 1809లో పోయినప్పుడు అంత్యక్రియలకు వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. చదివి మనసు చివుక్కుమంది.

అమెరికా స్థాపకుల్లో ఇద్దరైన ఫ్రాంక్లిన్, జెఫర్సన్‌లకు మతం మీద ఉన్న ఆలోచనలూ ఇంచుమించు ఇలాంటివే, అయినా వాళ్లకు చివరికి మర్యాద దక్కింది. మరి తేడా ఎక్కడ? పెయిన్ మాటల్లోని దురుసుతనమా, 1796లో వాషింగ్టన్‌ను బహిరంగ లేఖలో తప్పుపట్టడమా, లేక సామాన్యుల కోసం రాయడమా? నాకైతే చివరిదే అనిపిస్తోంది. దీని గురించి తెలుగులో మంచి వ్యాసమేదైనా ఉంటే దయచేసి చెప్పండి.