పాయింట్ టూ టూ సింగిల్ షాట్ రైఫిల్ కొనాలనుండాది, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మన కార్పెంటర్ చేత చేయించుకోవచ్చా?

కావలి కుర్రోడు:
అన్నలందరికీ నమస్తే. పారిస్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్‌లో మెడల్ కొట్టినప్పట్నుంచి నాకు ఒకటే పిచ్చి పట్టుకునింది, పాయింట్ టూ టూ సింగిల్ షాట్ (0.22 అంగుళాల తూటా, ఒక్కోటే పెట్టి కాల్చే రైఫిల్) ఒకటి కొనాల. ఎట్ట కొనాలో తెలీడంలా. ఇంకోటి, నేను బో పొడుగు, నెల్లూర్లో షాపులో ఎయిర్ గన్ పట్టుకుని చూస్తే మెడ మొత్తం వంచాల్సొస్తా ఉంది. మా తోటలో సరుగుడు కర్ర ఉండాది, మా వీధిలో కార్పెంటర్ మామ చేత దాంతో స్టాక్ చేయించి, గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, పెట్టిస్తే సరిపోద్దా? మా నాయనైతే తుపాకీ మాటెత్తితేనే అన్నం ముందు నుంచి లేచిపోతుండాడు.

ఒంగోలు బాబాయ్:
ముందు మీ నాయన్ని కూర్చోబెట్టు అబ్బాయా. పారిస్ ఆటల్లో నువ్వు చూసింది పౌడర్ తూటా రైఫిల్, దానికి లైసెన్స్ లేకుండా చెయ్యి కూడా పెట్టబాక, ఆర్మ్స్ యాక్ట్ కింద కేసవుద్ది. కలెక్టర్ దగ్గర అప్లికేషన్, పోలీస్ ఎంక్వైరీ, ఎందుకు కావాలో కారణం, ఇవన్నీ ఉంటాయి. గాలితో కొట్టేదే అయినా పాయింట్ టూ టూ అయితే దానికీ లైసెన్స్ కావాల, ఇది చాలామందికి తెలీదు. పాయింట్ వన్ సెవెన్ సెవెన్, అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న గుండు), పవర్ 20 జౌల్స్ దాటనిదయితే లైసెన్స్ అక్కర్లేదు, షాపోళ్లు ఆధార్ జిరాక్స్ మటుకు అడుగుతారు. ప్రెసిహోల్ లాంటి మన దేశం కంపెనీలవే దొరకతాయి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఈవెంట్ ఆడేది కూడా ఈ నాలుగున్నరతోనే, 2008లో బింద్రా గోల్డ్ కొట్టిందీ, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ బ్రాంజ్ కొట్టిందీ అందులోనే. ఆ టార్గెట్‌లో 10 అనే చుక్క అర మిల్లీమీటరే, ముందు దాన్ని కొట్టి చూపించు, 50 మీటర్ల సంగతి అప్పుడు మాట్లాడదాం.

టేకుమిల్లు:
సరుగుడు వద్దు సామీ. పందిళ్లకి, పొయ్యిలోకి అయితే ఓకే, ఎండితే పగులుద్ది, వంకర తిరుగుద్ది. బాగా ఆరిన పాత టేకు, పడగొట్టిన ఇంటి ద్వారబంధం ముక్కయినా సరే. అయినా కొత్త స్టాక్ దాకా ఎందుకబ్బా, నీ సమస్య పొడవే గదా. గన్ వెనక భాగాన్ని మోచేతి మడతలో ఆనించి చెయ్యి ట్రిగ్గర్ మీదకి చాపు, చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీద పడాల. వేలు దాటి ముందుకు పోతా ఉందంటే స్టాక్ పొట్టి. వెనక రబ్బర్ ప్యాడ్ విప్పి, మధ్యలో చెక్క పలకలు ఒకటో రెండో పెట్టి, పొడుగు స్క్రూలు బిగిస్తే సరి. మెడ వంగేది చెంప ఆనే చోటు తక్కువై, అక్కడ లెదర్ ముక్క కింద ఫోమ్ పెట్టి కట్టు, కంటికి సైట్ ఎదురుగా వచ్చేదాకా పెంచుకుంటా పో. స్ప్రింగు, బ్యారెల్ జోలికి మటుకు పోబాక, పవర్ గీత దాటిందంటే మళ్లీ లైసెన్స్ గొడవ. స్కోప్ డబ్బులు పెల్లెట్లకి పెట్టు. స్ప్రింగ్ గన్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతాది, మామూలు స్కోప్ లోపల గీతలు ఊడిపోతాయి. పోటీల్లో ఎట్టాగూ స్కోప్ ఒప్పుకోరు, చిన్న బొక్కలోంచి చూసే పీప్ సైటే.

చీమకుర్తి నుంచి:
అంతా చెప్పారు గానీ టార్గెట్ వెనక ఏం పెడతాడో ఎవరూ అడగలా. మా ఊరి గ్రానైట్ ముక్క చౌకే గదా అని పెట్టావనుకో, పెల్లెట్ తిరిగొచ్చి కంట్లో పడుద్ది. అట్టపెట్టె నిండా పాత గుడ్డలు కుక్కి, వెనక ఇసుక బస్తాలు పెట్టు, కళ్లద్దాలు పెట్టుకో. గన్‌లో పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కబాక, పిస్టన్ పోయి గోడకి కొట్టుకున్నట్టవుద్ది. ఇంకోటి, కొంగల్ని గింగల్ని కొడతానంటే మీ పక్కన తిరుపతి జిల్లాలోనే నేలపట్టు పక్షుల కేంద్రం ఉండాది, 1972 వన్యప్రాణి చట్టం కింద లోపలేస్తారు.

కావలి కుర్రోడు:
ఛ, పిట్టల జోలికి పోను అన్నా. సరే, వన్ సెవెన్ సెవెనే తీసుకుంటా, స్కోప్ క్యాన్సిల్. మేం సముద్రానికి బో దగ్గర, ఉప్పు గాలికి ఇంట్లో ఇనుపదేదైనా తుప్పు పడతా ఉంది, బ్యారెల్‌కి ఏ నూనె రాయాల?

టేకుమిల్లు:
పైన మటుకు గన్ ఆయిల్ గుడ్డకి పట్టించి తుడువు. గాలి నొక్కే గొట్టంలోకి నూనె దిగిందో, కొట్టగానే పొగొచ్చి చిన్న టపాకాయలా పేలుద్ది, సీల్ పాడవుద్ది.