ఒకే గీతపై ఉన్న మూడు నిరోధకాలు సమాంతర సంధానం ఎలా అవుతాయి?

ప్రశ్న:
నమస్కారమండి. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. విద్యుత్ పాఠంలోని ఒక లెక్క దగ్గర మేమిద్దరమూ ఆగిపోయాము. ఒక సరళరేఖపై ఎ, బి, సి, డి అనే నాలుగు బిందువులున్నాయి. ఎ–బి మధ్య 6 ఓమ్‌లు, బి–సి మధ్య 3 ఓమ్‌లు, సి–డి మధ్య 2 ఓమ్‌ల నిరోధకాలు ఉన్నాయి. వీటికి తోడు ఎ నుండి సి వరకు పైనుంచి ఒక తీగను, బి నుండి డి వరకు కిందినుంచి మరొక తీగను గీశారు. ఎ, డి బిందువుల మధ్య ఫలిత నిరోధం ఎంత అన్నది ప్రశ్న. మూడూ వరుసగా ఉన్నాయి కదా అని అమ్మాయి శ్రేణి సంధానంగా తీసుకొని 11 ఓమ్‌లు వేసింది. పుస్తకంలో జవాబు 1 ఓమ్ అని ఉంది. ఇది అచ్చుతప్పా?

సమాధానం:
అచ్చుతప్పు కాదండి, 1 ఓమే సరైన జవాబు. బొమ్మలో నిరోధకాలు ఎలా పేర్చి ఉన్నాయన్నది కాక, వాటి కొనలు ఏయే బిందువులకు తగులుతున్నాయన్నది చూడాలి. నిరోధం లేని తీగ ఎన్ని మలుపులు తిరిగినా దాని రెండు కొనల మధ్య పొటెన్షియల్ భేదం (వోల్టేజీ తేడా) ఉండదు కాబట్టి, ఆ తీగ కలిపే బిందువులన్నీ లెక్కకు ఒకే బిందువు కిందకే వస్తాయి.

అమ్మాయి చేతికి రెండు రంగు పెన్సిళ్లు ఇవ్వండి. ఎ దగ్గర ఎరుపుతో మొదలుపెట్టి, నిరోధకం అడ్డుపడేంత వరకు తీగలన్నింటికీ ఆ రంగే వేయమనండి. పై తీగ వెంబడి ఎరుపు సి వరకు చేరుతుంది. తర్వాత డి నుండి నీలం వేస్తే అది కింది తీగ గుండా బి ని చేరుతుంది. ఇప్పుడు చూస్తే మూడు నిరోధకాల్లో ప్రతిదానికీ ఒక కొన ఎరుపు, రెండో కొన నీలం. ఒకే రెండు బిందువుల మధ్య ఉన్నవి సమాంతర సంధానంలో ఉన్నట్టే. సమాంతరంలో విడి నిరోధాల విలోమాలను కూడితే ఫలిత నిరోధపు విలోమం వస్తుంది. 1/6, 1/3, 1/2 లను కూడితే 1 వస్తుంది గనుక ఫలిత నిరోధం 1 ఓమ్.

ఎ, డి లకు 6 వోల్టుల బ్యాటరీ కలిపారనుకొని సరిచూడండి. మూడింటిలో వరుసగా 1, 2, 3 ఆంపియర్లు ప్రవహిస్తాయి, మొత్తం 6 ఆంపియర్లు. బ్యాటరీ ధన ధ్రువం ఎ వైపు ఉంటే మధ్య నిరోధకంలో మాత్రం ప్రవాహం సి నుండి బి కి, అంటే బొమ్మలో వెనక్కి నడుస్తుంది. పిల్లలు తడబడేది ఇక్కడే.

మరో సభ్యుని సూచన:
ఇంత శ్రమ దేనికండీ? నిరోధకాల స్థానంలో టార్చి బల్బులు పెట్టి ఒకటి ఊడదీస్తే చాలు. మిగిలినవి ఆరిపోతే శ్రేణి, వెలుగుతూ ఉంటే సమాంతరం.

సమాధానం:
ఆరిపోవడం వరకు మీ మాట చాలా సందర్భాల్లో పనికొస్తుంది గానీ, రెండో సగం అన్నిసార్లూ నిలవదు. పండుగలకు కట్టే సీరియల్ బల్బుల దండలో ఒక ముక్క ఆరిపోయి, మిగతా దండ వెలుగుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. అలాంటి దండలో కొన్ని బల్బుల చొప్పున శ్రేణిలో కలిపి, ఆ వరుసలను ఒకదానికొకటి సమాంతరంగా కలుపుతారు. చెడిన బల్బుకూ పక్క వరుసలోని ఒక బల్బుకూ నేరుగా సమాంతర సంబంధం లేదు. వరుసకూ వరుసకూ మధ్యనే ఉంది. ఇంట్లో దీన్ని పరీక్షించాలనుకునేవారు బ్యాటరీతోనే చేయాలి, గోడ ప్లగ్గు జోలికి పోవద్దు.

శ్రేణికి నేను వాడే గుర్తు ఇది: రెండు నిరోధకాలు కలిసే బిందువు దగ్గర ప్రవాహం గల మూడో దారి చీలకూడదు. చీలితే ఆ రెండూ పక్కపక్కనే ఉన్నా శ్రేణి కాదు.

ప్రశ్న వేసినవారు:
రంగులు వేయగానే అమ్మాయికి తెలిసిపోయింది, కృతజ్ఞతలు. తర్వాతి లెక్కలో ఎ–బి 10, బి–డి 20, ఎ–సి 30, సి–డి 60 ఓమ్‌లు. బి, సి ల నడుమ 5 ఓమ్‌లు ఉన్నాయి. ఎ, డి ల మధ్య ఫలిత నిరోధం కావాలి. మీరు చెప్పిన గుర్తు ప్రకారం ఇందులో ఏ రెండూ శ్రేణి కావు, సమాంతరమూ కావు.

సమాధానం:
బొమ్మను బట్టి చూస్తే మీ పరిశీలన సరైనదే. ఇది వీట్‌స్టన్ బ్రిడ్జి, అంటే రెండు దారుల మధ్య బిందువులను ఒక అడ్డ నిరోధకంతో కలిపిన వలయం. అయితే 10కి 20 ఎంతో, 30కి 60 అంతే కాబట్టి బి, సి లు సమాన పొటెన్షియల్‌లో ఉంటాయి, నడుమ 5 ఓమ్‌లలో ప్రవాహం ఉండదు. దాన్ని తీసేస్తే 30, 90 ఓమ్‌ల వరుసలు సమాంతరంగా మిగిలి 22.5 ఓమ్‌లు వస్తుంది. తీసేయడానికి బదులు బి, సి లను తీగతో కలిపినా 7.5, 15 ఓమ్‌లు శ్రేణిలో వచ్చి అదే 22.5 అవుతుంది, రెండు విధాలా చేయించండి. నిష్పత్తి కుదరని బ్రిడ్జిలో మాత్రం శ్రేణి, సమాంతర సూత్రాలు మాత్రమే సరిపోవు, కిర్కాఫ్ నియమాలతో (కూడలిలో ప్రవాహాల, వలయంలో వోల్టేజీల లెక్క) సమీకరణాలు రాసుకోవచ్చు.