పిల్లల సెయిలింగ్ ప్రాక్టీసుకు ఒరిజినల్ సెయిలే (తెరచాపే) కావాలా, రెప్లికా చాలదా?

సాగర్‌గట్టు: మావాడు హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ (చిన్నపిల్లల తెరచాప పడవ) నడిపేవాడు. ఎత్తు పెరిగాడు, కాస్త పెద్ద పడవ ఇల్కా 4కి మారుతున్నాడు, దాని పాతపేరు లేజర్ 4.7. కోచ్ ఒరిజినల్ సెయిల్ కొనమంటున్నారు. రెప్లికా (లైసెన్స్ లేని నకలు) సగం ధరకే వస్తోంది. ప్రాక్టీసుకు చాలదా?

చుక్కాని_రావు: చాలదు. లైసెన్స్ ఉన్న తయారీదారు సెయిల్ కాకపోతే క్లాస్ (ఆ రకం పడవల) రూల్స్ ప్రకారం రేసులో దిగనివ్వరు, సెయిల్ మీద ఒరిజినల్ అని చూపే క్లాస్ బటన్ చూస్తారు. ప్రాక్టీసు ఒకదానితో, రేసు ఇంకొకదానితో అంటే చేతికి అలవాటెలా పడుతుంది? రెప్లికా కోత వేరు. సెయిల్ ఆకారం సరిచేసే తాళ్లున్నాయి కదా, వాంగ్ ఎంత లాగాలో, కన్నింగ్‌హామ్ ఎంత బిగించాలో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

విశాఖ_గాలి: రావుగారూ, ఆయన అడిగింది ప్రాక్టీసు గురించి. సెయిల్ బట్ట, అదే డేక్రాన్, ఏదైనా ఎండకు, గాలిలో టపటపా కొట్టుకోవడానికి పాడవుతుంది. ఒరిజినల్‌నే రోజూ వాడితే రేసు నాటికి అదీ సాగిపోయి సంచిలా అవుతుంది. పైగా పిల్లాడు బరువు పెరిగితే 4.7 చదరపు మీటర్ల సెయిల్ పక్కనపెట్టి ఇల్కా 6కి వాడే పెద్ద సెయిల్ కొనాలి.

బూమ్‌దెబ్బ: ఏది కొన్నా మడతపెట్టకండి, చుట్టండి.

చుక్కాని_రావు: చుట్టడం గురించి ఎవరడిగారు?

బూమ్‌దెబ్బ: మా క్లబ్‌లో నా సెయిల్ మడిచి బీరువాలో కుక్కారు. మడత దగ్గర సెయిల్‌లోని పారదర్శక కిటికీ పగిలింది. సొంత డబ్బుతో కొన్నది. ఎవరూ సారీ కూడా చెప్పలేదు.

తెరచాప77: ఇల్కా 4, 6, 7 మూడింటికీ హల్ (పడవ ఒళ్లు) ఒకటే, మాస్ట్ (తెరచాప కొయ్య) పై భాగం కూడా ఒకటే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన సెయిలర్ విష్ణు శరవణన్ దిగింది ఇల్కా 7లో. అంటే కొనాల్సింది సెయిల్, కింది మాస్ట్ మాత్రమే.

చుక్కాని_రావు: ఆ ఒక్క సెయిల్ దగ్గరే ఎందుకు కక్కుర్తి? చవక సామానుకు అలవాటు పడినవాళ్లకు తేడా తెలియదు.

విశాఖ_గాలి: మాటలు జాగ్రత్త. మా దగ్గర మత్స్యకారుల పిల్లలు క్లబ్ ఇచ్చినదానితోనే నేర్చుకుంటున్నారు. ఉప్పునీళ్లు కదా, దిగగానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి మరీ దాచుకుంటారు. మీ లెక్కన వాళ్లు ఒడ్డున కూర్చోవాలా?

చుక్కాని_రావు: నేను కొనమంటున్నది వాళ్లను కాదండీ, క్లబ్బులను! రెప్లికాలు చాలని మనమే అంటే కమిటీలు ఒరిజినల్ ఎప్పుడు కొంటాయి? రేసు ముందు రోజు మా అమ్మాయి ఇంకొకరి సెయిల్ అడిగి తెచ్చుకుంది. ఇచ్చినాయన అందరిముందూ జాగ్రత్తలు చెప్పాడు. రేసంతా దానికి సెయిల్ చిరుగుతుందేమోననే టెన్షన్.

విశాఖ_గాలి: ఈ మాట ముందే చెప్పాల్సింది. అయినా ఒప్పుకోను. ఉన్న డబ్బుతో ముందు ఎక్కువమంది నీళ్లలోకి దిగాలి. రేసు సెయిల్స్ రెండో మూడో క్లబ్ పేరుమీద ఉంచి వంతులవారీగా ఇస్తే సరిపోతుంది.

చుక్కాని_రావు: వంతులు ఎవరు వేస్తారు? కమిటీలో పిల్లలున్నవాళ్లేగా.

సాగర్‌గట్టు: మరి నేనేం కొనాలండీ? ఒకాయన వాడిన ఒరిజినల్ అమ్ముతానంటున్నారు.

చుక్కాని_రావు: వెనక అంచు కుట్లు, బ్యాటెన్ (సెయిల్‌ని బిగుతుగా నిలిపే పుల్ల) జేబులు చూసి తీసుకోండి. బటన్ కనపడేలా ఫొటో పెట్టండి, చెబుతాను.